మగహీ ఎవరి భాష? మగధ ఎక్కడుంది? పేర్ల వెనక చిక్కుముడి

2001 జనాభా లెక్కల్లో మగహీ తమ మాతృభాష అని నమోదైనవారు 1,39,78,565 మంది. పదేళ్ల తర్వాత, 2011లో, ఆ సంఖ్య 1,27,06,825కు తగ్గింది. అదే పదేళ్లలో, ఈ భాషను ఎక్కువగా మాట్లాడే బిహార్ జనాభా దాదాపు 25 శాతం పెరిగింది. మరి ఆ పన్నెండు లక్షల డెబ్బై వేల మంది ఏమైనట్టు? ఊళ్లు ఖాళీ అయిపోలేదు. గయ, నలందా, జహానాబాద్ పల్లెల్లో ఈ రోజుకీ పొలం గట్టు మీదా, వంటింట్లోనూ వినిపించేది మగహీయే. మనుషులు అక్కడే ఉన్నారు, కాగితం మీద వాళ్ల భాష పేరు మారింది. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా కొత్త జనగణనను కేంద్రం ప్రకటించాక ఈ సంగతికి మళ్లీ ప్రాధాన్యం వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ నేల కొత్తదేమీ కాదు. పితృకార్యానికి వెళ్లే గయ, బుద్ధుడికి జ్ఞానోదయమైన బోధ్‌గయ, నలందా, రాజగృహం, పాటలీపుత్రం అన్నీ ఇందులోవే. ఇన్ని పేర్లు తెలిసినా అక్కడి జనం మాట్లాడే భాష పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. దీనికి కారణం మన అజ్ఞానం ఒక్కటే కాదు. ఈ ప్రాంతానికి చెందినవన్నీ వేరే ఖాతాల్లో జమ అవుతూ వచ్చాయి. చరిత్ర మౌర్యుల ఖాతాలోకి, తీర్థాలు బౌద్ధ, హిందూ యాత్రల ఖాతాలోకి, భాష హిందీ ఖాతాలోకి చేరాయి.

ఒకే వేరు నుంచి నాలుగు పేర్లు

ముందు నాలుగు విషయాలను విడదీసుకోవాలి. వార్తల్లో వీటిని ఒకదానికి బదులు ఇంకొకటి వాడేస్తుంటారు.

మొదటిది మగధ. బింబిసారుడు, అజాతశత్రువుల కాలంలో రాజగృహం, తర్వాత పాటలీపుత్రం రాజధానిగా ఎదిగిన రాజ్యం. అశోకుడి నాటికి దాని పాలన మన కర్నూలు జిల్లా ఎర్రగుడి దాకా వచ్చింది. అక్కడి కొండరాళ్ల మీద ఆయన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. అంటే మగధ సామ్రాజ్యం వేరు, మగధ అనే నేల వేరు. మొదటిది పెరిగి, విరిగి, పోయింది. రెండోది గంగకు దక్షిణంగా అలాగే ఉంది.

రెండోది మాగధీ ప్రాకృతం. ఇందులో 'ర' స్థానంలో 'ల' వస్తుంది. తూర్పు ప్రాంతపు అశోక శాసనాల్లో 'రాజా'కు బదులు 'లాజా' కనిపించేది అందుకే. థేరవాద బౌద్ధ సంప్రదాయం తన గ్రంథాల భాష అయిన పాలీనే 'మాగధి' అంటుంది. కానీ పాలీలో 'రాజా' అనే ఉంది, 'లాజా' లేదు. ఇలాంటి లక్షణాలను చూసే, బుద్ధుడు మగధలో తిరిగి బోధించినా మనకు దక్కిన పాలీ మీద పశ్చిమ ప్రాకృతాల ముద్ర బలంగా ఉందని భాషావేత్తలు చెబుతారు.

మూడోది మగహీ, ఇప్పుడు జనం మాట్లాడే భాష. మాగధీ ప్రాకృతపు వంశంలోనిదే గానీ ఏకైక వారసురాలు కాదు. బెంగాలీ, ఒడియా, అస్సామీ, మైథిలీ, భోజ్‌పురి కూడా ఆ కొమ్మలే. పేరు మగహీకి దక్కినా పాత ఉచ్చారణ గుర్తులు కొన్ని వేరే చోట నిలిచాయి. మాగధీ ప్రాకృతంలోని 'శ' బెంగాలీలో బలంగా ఉంది, మగహీలో అది 'స' అయిపోయింది. 'ర' స్థానంలో 'ల' రావడం కూడా మగహీలో లేదు, 'రాజా' రాజాగానే ఉన్నాడు.

నాలుగోది మగధ్ డివిజన్, ఒక పరిపాలన విభాగం. గయ కేంద్రంగా గయ, నవాదా, ఔరంగాబాద్, జహానాబాద్, అర్వల్ అనే ఐదు జిల్లాలు. మగహీకి గుండెకాయ లాంటి నలందా ఇందులో లేదు. అది, పట్నా జిల్లా కూడా, పట్నా డివిజన్ కిందికి వస్తాయి. ఆ డివిజన్‌లోనే భోజ్‌పురి మాట్లాడే భోజ్‌పుర్, బక్సర్ జిల్లాలున్నాయి. కాబట్టి 'మగధ్ డివిజన్ అంటే మగహీ ప్రాంతం' అని లెక్కేస్తే మొదటి అడుగులోనే తప్పుతుంది.

2024 అక్టోబరు 3న కేంద్ర క్యాబినెట్ పాలీ, ప్రాకృతాలకు ప్రాచీన భాష హోదా ఇచ్చినప్పుడు ఇలాంటి గందరగోళానికే దారి ఏర్పడింది. ఆ హోదా ప్రాకృతానికి, మగహీకి కాదు. పైగా ప్రాచీన హోదా ఒకటి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు ఇంకొకటి. తెలుగుకు రెండూ ఉన్నాయి. పాలీకి మొదటిది ఉంది, రెండోది లేదు. మైథిలీకి రెండోది ఉంది. మగహీకి రెండూ లేవు.

మగహీ నేల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

ఉత్తరాన గంగ, పడమర సోన్ నది, దక్షిణాన ఛోటానాగ్‌పూర్ పీఠభూమి అంచు. ఈ మూడు ఎల్లలూ కొంత స్పష్టంగానే ఉంటాయి. సోన్ దాటితే భోజ్‌పురి, గంగ దాటితే మైథిలీ, బజ్జికా. తూర్పున మాత్రం గీత గీయలేం. షేక్‌పురా, లఖీసరాయ్, జముయి మీదుగా వెళ్తుంటే మగహీ క్రమంగా అంగికలోకి జారిపోతుంది. ఏ ఊళ్లో మారిందో చెప్పడం కష్టం. దక్షిణాన కూడా పీఠభూమి ఎక్కాక భాష ఒక్కసారిగా ఆగదు. జార్ఖండ్‌లోని చత్రా, కోడర్మా, హజారీబాగ్, పలామూ ప్రాంతాల్లో ఖోర్ఠా, నాగ్‌పురీలతో కలిసి వినిపిస్తుంది.

పట్నా సంగతి వేరుగా చెప్పుకోవాలి. మగహీ నేలలో అతి పెద్ద నగరం అదే. కానీ రాష్ట్ర రాజధాని కావడంతో మిథిల వాళ్లు, భోజ్‌పుర్ వాళ్లు, అందరూ అక్కడ చేరారు. నగరంలో నలుగురినీ కలిపే భాష హిందీ. మైథిలీకి దర్భంగా ఉన్నట్టు, తన సంస్కృతికి పెద్దపీట వేసే నగరం మగహీకి లేకుండా పోయింది. ఆ భారం గయ, బిహార్‌షరీఫ్ లాంటి పట్టణాల మీద పడింది. (గయ పేరును 2025 మేలో బిహార్ ప్రభుత్వం 'గయాజీ'గా మార్చింది. స్థానికులు ఎప్పటినుంచో గౌరవంగా పిలిచే తీరే అది.)

నీళ్లు కట్టిన సంస్కృతి: ఆహర్, పైన్

మగధ అనగానే స్తూపాలు, గుహలు గుర్తొస్తాయి. కానీ అక్కడి మనిషి జీవితాన్ని మలిచింది మరొకటి, నీళ్లను ఆపే పద్ధతి. ఈ ప్రాంతాన్ని అర్థం చేసుకోవాలనుకునేవాళ్లు బరాబర్ గుహల కన్నా ముందు ఒక ఆహర్ చూడాలంటాను.

నేల దక్షిణం నుంచి ఉత్తరానికి, కిలోమీటరుకు ఇంచుమించు ఒక మీటరు చొప్పున వాలుతుంది. ఫల్గు, పున్‌పున్, మోర్హర్, సక్రీ లాంటి నదులు పీఠభూమి మీద వాన పడితే కొన్ని గంటలు ఉరికి, తర్వాత ఇసుక మేట వేసుకుని పడుకుంటాయి. వాన దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. వదిలేస్తే నీళ్లు గంగలోకి జారిపోతాయి.

దీనికి రెండు నిర్మాణాలు. పైన్ అంటే నది నుంచి నీటిని పొలాల వైపు మళ్లించే కాలువ. పెద్ద పైన్‌లు 20-30 కిలోమీటర్లు సాగి, కొమ్మలుగా చీలి, వందకు పైగా ఊళ్లకు నీళ్లిచ్చినవి ఉన్నాయి. ఆహర్ అంటే మూడు వైపులా కట్ట వేసి, వాలు పైకి ఉన్న నాలుగో వైపు తెరిచి ఉంచిన నీటి మడుగు. పై నుంచి జారే వాన నీళ్లు, పైన్ తెచ్చే నీళ్లు అందులో నిలుస్తాయి. మన చెరువుకు దగ్గరిదే గానీ తేడాలున్నాయి. మన చెరువు సాధారణంగా రెండు గుట్టల మధ్య వాగుకు అడ్డంగా కట్టేది. ఆహర్ ఇంచుమించు చదునుగా ఉన్న నేల మీద కట్టేది, అందుకే లోతు తక్కువ, విస్తీర్ణం ఎక్కువ. ఇంకో తేడా ముఖ్యమైనది: వరికి నీళ్లు వదిలేశాక ఆహర్ అడుగున మిగిలిన తడి నేలలోనే శనగ, ఖేసారీ పప్పు, గోధుమ లాంటి యాసంగి పంట చల్లుతారు. ఒకే నేల ఖరీఫ్‌లో చెరువు, రబీలో పొలం.

దీని పంచాంగం తెలుగు రైతుకు వెంటనే అర్థమవుతుంది. సెప్టెంబరు నడిమికి వరి పొలాల్లో నీళ్లు బయటికి వదిలి పది పదిహేను రోజులు ఆరబెడతారు. దీన్ని 'నిగార్' అంటారు. ఆ తర్వాత 'హథియా' వానల కోసం చూస్తారు. అంటే మన హస్త కార్తె, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో. హథియా కురవకపోతే గింజ పాలుపోసుకునే వేళ వరి ఎండుతుంది, పైగా రబీ విత్తనానికి తడి దొరకదు. ఒక్క కార్తె తప్పితే రెండు పంటలకు దెబ్బ. ఆహర్‌లో నీళ్లు దాచుకునేది సరిగ్గా ఈ గండం కోసమే.

ఎక్కడ చెడుతుంది? పైన్‌లో ఏటా పూడిక పడుతుంది. వానాకాలం ముందు ఊళ్లన్నీ మనుషులను పంపి పూడిక తీసే ఉమ్మడి శ్రమను 'గోఆమ్' అనేవారు. ఏ ఊరికి ఎన్ని గంటలు నీళ్లు అన్న వంతుల ఏర్పాటు 'పారాబందీ'. పై ఊరు వంతు దాటి గండి మూయకపోతే దిగువ ఊరు ఎండుతుంది, తగవు మొదలవుతుంది. ఆహర్ అడుగున ఒకరు శాశ్వతంగా సాగు చేయడం మొదలుపెడితే, తన పంట మునగకుండా నీళ్లు ముందే వదిలేయమంటాడు. అక్కడితో ఆహర్ పని అయిపోయినట్టే.

ఈ వ్యవస్థ ఎందుకు కూలింది అన్న దాని మీద రెండు వాదనలున్నాయి. ఒకటి కౌలు పద్ధతి వైపు చూపిస్తుంది. పాతకాలపు 'భావ్లీ'లో జమీందారుకు పంటలో వాటా. పంట పెరిగితే తనకూ లాభం, కాబట్టి ఆహర్ బాగుచేయించేవాడు. 'నక్దీ' అంటే నగదు శిస్తు వచ్చాక పంట పండినా ఎండినా రాబడి ఒకటే, ఇక ఆహర్ ఎందుకు? ఉదాహరణకు ఒక పొలంలో ఆహర్ నీళ్లతో 20 బస్తాలు, లేకుంటే 12 బస్తాలు పండుతాయనుకుందాం. సగం వాటా పద్ధతిలో ఆహర్ చెడితే జమీందారుకు నాలుగు బస్తాల నష్టం. నగదు శిస్తులో ఆ నష్టం సున్నా, ఎనిమిది బస్తాలూ రైతు నెత్తిన పడతాయి. 1950 భూసంస్కరణల చట్టంతో జమీందారీ పోయింది, ఆహర్ బాధ్యత మాత్రం ఎవరి చేతికీ గట్టిగా అందలేదు. తర్వాత బోర్లొచ్చాయి.

ఈ లెక్క సరైనదే, కానీ ఇంతటితో ఆగితే జమీందారు మంచివాడిలా మిగిలిపోతాడు. రెండో వాదన అక్కడ అడ్డుపడుతుంది. భావ్లీలో పంట కోయకముందే జమీందారు మనిషి పొలంలో నిలబడి దిగుబడి అంచనా కట్టే 'దానాబందీ' ఉండేది. అంచనా ఎక్కువ వేస్తే రైతు లేని గింజలకు వాటా కట్టాలి. గోఆమ్‌లో మట్టి మోసినవాళ్లు పేద రైతులు, దళితులు, పండిన పొలాలు ఎక్కువగా ఇతరులవి. ఈ అన్యాయం మీదనే పట్నా జిల్లా బిహటాలో ఆశ్రమం పెట్టుకున్న స్వామి సహజానంద సరస్వతి 1929లో బిహార్ రాష్ట్ర కిసాన్ సభ కట్టారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు అధ్యక్షుడు ఆయనే, ప్రధాన కార్యదర్శి మన ఎన్.జి. రంగా. మగధ రైతు గొడవా, గుంటూరు రైతు గొడవా ఒకే వేదిక మీదికి వచ్చిన సందర్భమది. భూమి తగవు అక్కడితో తెగలేదు. 1997 డిసెంబరు 1న ఇప్పటి అర్వల్ జిల్లా లక్ష్మణ్‌పుర్ బాథేలో 58 మంది పేదలను చంపిన దారుణం దాకా అది సాగింది. మగధ సంస్కృతి గురించి రాస్తూ దీన్ని వదిలేయడం నిజాయితీ కాదు.

2019లో బిహార్ ప్రభుత్వం మొదలుపెట్టిన జల్-జీవన్-హరియాలీ పథకంలో ఆహర్, పైన్‌ల పునరుద్ధరణ కూడా ఉంది. తవ్వడం యంత్రంతో అయిపోతుంది. వంతులు ఎవరు నిర్ణయిస్తారన్నది కష్టమైన భాగం.

ఏది మగధ సొంతం, ఏది పంచుకున్నది

ఛఠ్ పండగను కొందరు మగధది అంటారు, కొందరు మిథిలది అంటారు. అది మొత్తం బిహార్‌ది, ఆ పక్క తూర్పు ఉత్తరప్రదేశ్‌ది కూడా. నాలుగు రోజుల క్రమం అన్ని చోట్లా దాదాపు ఒకటే: నహాయ్-ఖాయ్ నాడు స్నానం చేసి సొరకాయ కూర, అన్నం; ఖర్నా నాడు పగలంతా ఉపవాసముండి సాయంత్రం బెల్లం పరమాన్నం; అక్కడి నుంచి 36 గంటలు మంచినీళ్లు కూడా ముట్టకుండా, మూడో రోజు అస్తమించే సూర్యుడికి, నాలుగో రోజు ఉదయించే సూర్యుడికి అర్ఘ్యం. పురోహితుడి అవసరం లేదు, వ్రతం చేసే ఆవిడే అంతా. మగధ ప్రత్యేకత ఎక్కడుందంటే సూర్యాలయాల్లో. ఔరంగాబాద్ జిల్లా దేవ్, నలందా జిల్లా బడ్‌గావ్, పట్నా జిల్లా ఉలార్ ఛఠ్‌కు పేరుపడ్డ చోట్లు. దేవ్ ఆలయం ద్వారం పడమర వైపు ఉంటుంది, సూర్యాలయాలకు ఇది అరుదు.

సంక్రాంతికి గయ తిల్‌కుట్ మాత్రం ఆ ఊరి సొంతమే. చక్కెర లేదా బెల్లం పాకం ముదర కాచి, రాతి మీద పోసి కాస్త చల్లారాక, గోడకు కొట్టిన కొక్కేనికి తగిలించి లాగుతారు, మడుస్తారు, మళ్లీ లాగుతారు. గాలి చేరి పాకం తెల్లబడుతుంది. ముక్కలు కోసి, వేయించిన నువ్వులతో కలిపి వేడి మీదే చెక్క రోకలితో దంచుతారు. ఎన్ని దెబ్బలు పడితే అంత పొరలు పొరలుగా విరుగుతుంది. పాకం పట్టు తప్పితే గానీ, నువ్వులు చల్లబడితే గానీ అది పళ్లకు అంటుకునే ఉండ అవుతుంది తప్ప తిల్‌కుట్ కాదు. నలందా దగ్గరి సిలావ్ ఖాజా ఇంకో ప్రసిద్ధ పిండివంట. సన్నటి పొరల మిఠాయి, తాపేశ్వరం మడత కాజా తెలిసినవాళ్లకు చూపుకు పరిచయంగానే ఉంటుంది. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అదే ఏడాది మగహీ తమలపాకుకూ ఆ గుర్తింపు దక్కింది. దీని కథలో ఈ ప్రాంతపు కథంతా కనిపిస్తుంది. నవాదా, ఔరంగాబాద్, గయ, నలందా జిల్లాల్లో వెదురు, గడ్డితో పందిరి వేసి, చుట్టూ దడి కట్టిన 'బరేజా'ల్లో తీగ పెంచుతారు. నీడ కావాలి, తేమ కావాలి, కానీ వేరు దగ్గర నీళ్లు నిలిస్తే కుళ్లుతుంది, జనవరి మంచు దెబ్బకు ఒక్క రాత్రిలో తోట నల్లబడుతుంది. ఆకు చిన్నది, మెత్తనిది, పీచు తక్కువ. కోసిన ఆకును 200 చొప్పున 'ఢోలీ' కట్టి వారణాసి మండీకి పంపుతారు. అక్కడ వేడి పట్టించి పండించి, ఆకుపచ్చ రంగు పోగొట్టి, తెల్లగా చేస్తారు. ఆ తర్వాత దాని పేరు బనారసీ పాన్. 2023లో బనారసీ పాన్‌కు వేరుగా భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్వం చేసే నేర్పు బనారస్‌దే, కాదనలేం. కానీ నోట్లో కరిగే ఆ ఆకులో చాలా భాగం మగధ రైతుది.

హిందీకి యాసా, వేరే భాషా?

నాలుగు వాక్యాలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. హిందీలో 'రామ్ గయా', 'సీతా గయీ'. క్రియ లింగాన్ని బట్టి మారింది. మగహీలో 'రామ్ గేలై', 'సీతా గేలై'. మార్పు లేదు. హిందీలో 'రామ్ నే రోటీ ఖాయీ': కర్తకు 'నే' తగిలింది, క్రియ రొట్టె వెంట పోయి స్త్రీలింగమైంది. మగహీలో 'రామ్ రోటీ ఖైలకై'. 'నే' లేనే లేదు. దానికి బదులు, కర్మ ఉన్న క్రియకు ఆ '-లక్-' చేరింది. 'గేలై'లో అది కనిపించదు. నామవాచకాల్లో కూడా ఒక విశేషముంది. 'కితాబ్' అంటే ఏదో పుస్తకం, 'కితబ్‌వా' అంటే మనమిద్దరం అనుకుంటున్న ఆ పుస్తకం.

అసలు గట్టి తేడా గౌరవం దగ్గర. 'అతను వెళ్లాడు' అనాలంటే మగహీలో ఎవరు వెళ్లారన్నది ఒక్కటే చాలదు, ఎవరికి చెబుతున్నామన్నదీ క్రియలోకి చేరుతుంది. మామూలు మనిషి వెళ్లాడని చెబితే 'గేలై', అదే మాట చనువున్నవాడికి చెబితే 'గేలో'. వెళ్లింది గౌరవించాల్సిన పెద్దమనిషి అయితే 'గేలథిన్', ఆ సంగతి చనువున్నవాడికి చెబితే 'గేలథున్'. ఊరిని బట్టి ఉచ్చారణ కొంచెం మారుతుంది. తెలుగులో 'వెళ్లాడ్రా', 'వెళ్లాడండీ' అన్నప్పుడు మనం చేసేది కొంతవరకు ఇదే. కాకపోతే మనకు అది చివర తగిలించే తోక, ఇష్టముంటే వదిలేయొచ్చు. మగహీలో క్రియ లోపలే ఉంటుంది.

ఇంత తేడా ఉన్నా 'హిందీ యాస' అనేవాళ్ల దగ్గరా వాదన ఉంది. ఈ ప్రాంతంలో బడి, కోర్టు, పత్రిక నూరేళ్లకు పైగా హిందీలోనే నడుస్తున్నాయి. మగహీ మాట్లాడేవాళ్లు రాయాల్సి వస్తే హిందీలోనే రాస్తారు, చాలామంది హిందీని తమదిగానే భావిస్తారు. ఆ భావన నిజమైనదే, దాన్ని తోసిపుచ్చకూడదు. భాషాశాస్త్రం చెప్పేది వేరు. బ్రిటిష్ కాలంలో భారతీయ భాషల సర్వే చేసిన గ్రియర్సన్ అందులో మగహీ, మైథిలీ, భోజ్‌పురిలను కలిపి 'బిహారీ' అనే కుదురు కింద పెట్టి హిందీ నుంచి విడదీశాడు. బిహారీ అనే పేరుతో ఎవరూ మాట్లాడరు, అది ఆయన పెట్టిన వర్గీకరణ మాత్రమే. మగహీ మైథిలీకి ఎంత దగ్గరంటే దాన్ని మైథిలీ ఉపభాషగా కూడా లెక్కించవచ్చని ఆయనే అన్నాడు. ఈ మాట మగహీ అభిమానులకు నచ్చదు. కానీ దాని పర్యవసానం చూడండి: ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న మైథిలీకి ఇంత దగ్గరైన భాషను జనగణన హిందీ కింద లెక్కిస్తోంది.

లిపి కూడా పోయింది. కైథీ ఈ ప్రాంతంలో దస్తావేజులు, చిట్టాలు రాసుకున్న లిపి. బళ్లలో, అచ్చులో దేవనాగరి వచ్చాక ఒకటి రెండు తరాల్లో చదివేవాళ్లు కరువయ్యారు. 2024 ఆగస్టులో బిహార్‌లో ప్రత్యేక భూసర్వే ఊపందుకున్నప్పుడు దీని దెబ్బ తెలిసొచ్చింది. తాతల నాటి పట్టా కైథీలో ఉంటుంది, హక్కు చూపాల్సిన మనవడికి అది చదవడం రాదు, సర్వే సిబ్బందికీ రాదు. ప్రభుత్వం సిబ్బందికి కైథీ నేర్పించే శిక్షణ పెట్టాల్సి వచ్చింది.

లెక్కల్లో భాష ఎలా కరుగుతుంది

జనగణనలో మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. ప్రతి మనిషికీ విడిగా రాయాలి. నలందా జిల్లాలో ఐదుగురున్న ఒక ఇల్లు ఊహించుకోండి. నానమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. ఇంట్లో అందరూ మగహీ మాట్లాడతారు. గణకుడు హిందీలో అడుగుతాడు, కొడుకు హిందీలో జవాబిస్తాడు. నానమ్మకు 'మగహీ' అని చెప్పి, తనకూ భార్యకూ పిల్లలకూ 'హిందీ' అంటాడు. ఐదుగురిలో ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరు కూడా తర్వాతి దశలో 'హిందీ' అనే పెద్ద గుంపులోకే వెళ్తారు. ఎందుకంటే మగహీ, భోజ్‌పురి, రాజస్థానీ, ఛత్తీస్‌గఢీ లాంటి యాభైకి పైగా మాతృభాషలను జనగణన హిందీ కింద కూడుతుంది. 2011లో హిందీ మొత్తం 52.83 కోట్లు. అందులో హిందీ అనే పేరుతోనే మాతృభాష చెప్పినవారు 32.22 కోట్లు. మిగతా ఇరవై కోట్ల పైచిలుకు ఇలా చేరినవాళ్లే.

ఇందులో కుట్ర ఏమీ లేదు, వర్గీకరణ పట్టికలు బహిరంగంగానే ఉన్నాయి. మగహీ అంకె విడిగా అచ్చవుతూనే ఉంది. కానీ పత్రికల్లో పడేది 52.83 కోట్ల అంకె.

ఎనిమిదో షెడ్యూల్: ఇస్తే ఏమిటి, ఇవ్వకపోతే ఏమిటి

షెడ్యూల్లో ఇప్పుడు 22 భాషలున్నాయి. 2003లో 92వ సవరణతో బోడో, డోగ్రీ, సంతాలీలతో పాటు మైథిలీ చేరింది. దాని ఫలితం ఒక ఉదాహరణతో సులువుగా అర్థమవుతుంది. సివిల్స్ మెయిన్స్‌లో 300 మార్కుల భారతీయ భాషా పేపరు షెడ్యూల్ భాషల్లోంచే ఎంచుకోవాలి. మధుబని అభ్యర్థి మైథిలీ రాయొచ్చు, ఐచ్ఛికంగా మైథిలీ సాహిత్యం కూడా తీసుకోవచ్చు. జహానాబాద్ అభ్యర్థికి మగహీ దొరకదు, హిందీయే గతి.

ఇలా చోటు కోరుతున్న 38 భాషల జాబితాలో మగహీ ఉంది. ఏ భాషను చేర్చాలో తేల్చే కొలమానం కోసం 1996లో పహ్వా కమిటీ, 2003లో సీతాకాంత్ మహాపాత్ర కమిటీ ప్రయత్నించాయి, స్థిరమైన ప్రమాణం మాత్రం ఏర్పడలేదు. కోటికి పైగా మాట్లాడేవాళ్లు, సొంత వ్యాకరణం, విశ్వవిద్యాలయ స్థాయి చదువు ఉన్నాయన్నది కోరేవాళ్ల బలం. సిద్ధుల (తాంత్రిక బౌద్ధ సాధకుల) నాటి కవి సరహపాదుణ్ని తొలి మగహీ కవిగా కూడా చూపుతారు. అయితే ఆ కాలపు కవిత్వాన్ని బెంగాలీ, ఒడియా, అస్సామీ, మైథిలీ వాళ్లు కూడా తమదంటారు. భాషలు విడిపోకముందు కవి మీద ఒక్కరి హక్కు నిలవదు, కాబట్టి ఈ వాదన మీద ఎక్కువ బరువు మోపకపోవడమే మంచిది.

వద్దనేవాళ్లలో రెండు రకాలు. ఒకటి, భోజ్‌పురి, మగహీ, రాజస్థానీ ఒక్కొక్కటీ విడిపోతే హిందీ బలహీనపడుతుందనే హిందీ పండితులు. రెండు, దినపత్రిక, బడిలో పాఠ్యపుస్తకం, స్థిరపడ్డ రాత పద్ధతి లేని భాషకు పరీక్ష ఎలా పెడతారని అడిగేవాళ్లు. రెండో ప్రశ్న న్యాయమైనదే. కానీ బడిలో పెట్టరు కాబట్టి రాత స్థిరపడదు, రాత స్థిరపడలేదు కాబట్టి బడిలో పెట్టరు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట ప్రభుత్వమే తెంచాలి.

జార్ఖండ్‌లో తిరగబడిన వాదన

బిహార్‌లో అధికార హోదా లేని మగహీకి 2018లో జార్ఖండ్ ద్వితీయ రాజభాషగా గుర్తింపునిచ్చింది, భోజ్‌పురి, మైథిలీ, అంగికలతో పాటు. గొడవ ఆ తర్వాత వచ్చింది. జిల్లా స్థాయి ఉద్యోగ పరీక్షలకు ఏ జిల్లాలో ఏ ప్రాంతీయ భాషలు చెల్లుతాయో చెప్పే జాబితాలో ధన్‌బాద్, బొకారో జిల్లాలకు భోజ్‌పురి, మగహీ కూడా చేరాయి. 2022 మొదట్లో అక్కడి మూలవాసులు, ఆదివాసులు రోడ్డెక్కారు. వాళ్ల వాదన: ఈ రెండు జిల్లాల్లో ఆ భాషలు బొగ్గు గనులు, ఉక్కు కర్మాగారం కోసం వలస వచ్చినవాళ్లవి, ఇక్కడి భాషలు ఖోర్ఠా, కుడ్మాలీ, సంతాలీ, భాష పేరుతో ఉద్యోగాలు బయటివాళ్లకు పోతాయి. అటువైపు వాదన: రెండు మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరిగిన మగహీ కుటుంబాలు ఇంకా బయటివాళ్లేనా? 2022 ఫిబ్రవరి 18న ప్రభుత్వం ఆ రెండు జిల్లాల జాబితాల నుంచి రెండు భాషలనూ తీసేసింది.

ఇక్కడ గమనించాల్సింది, ధన్‌బాద్, బొకారోల పరిస్థితి పలామూ, చత్రాలది కాదు. మొదటివి పరిశ్రమలతో మగహీ చేరిన చోట్లు. రెండోవి బిహార్ సరిహద్దుకు ఆనుకుని, భాష ఎప్పటినుంచో సహజంగా పారిన చోట్లు. 'జార్ఖండ్‌లో మగహీ స్థానికమా, వలసా' అని మొత్తం రాష్ట్రానికి ఒకే జవాబు వెతికితే ఏ వైపు చెప్పినా సగం తప్పవుతుంది. జిల్లాకొక జవాబు ఉంది, కొన్నిచోట్ల బ్లాకుకొకటి. ఉద్యోగ జాబితాలు మాత్రం జిల్లా మొత్తాన్ని ఒక్క వరుసలో రాస్తాయి, తగవు మళ్లీ మళ్లీ లేచేది ఆ వరుస దగ్గరే.